తల, మెడ క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఛాతీ స్కాన్: ఎక్స్‌రే, సీటీ, పెట్ సీటీల్లో ఏది ఎవరికి?

"పుండు నాలుక మీద ఉంటే ఊపిరితిత్తులకు స్కాన్ ఎందుకండీ?"

సీటీ గది బయట ఈ ప్రశ్న నాకు రోజూ ఎదురవుతుంది. అడిగేవాళ్ల గొంతులో సందేహం కన్నా భయమే ఎక్కువ వినిపిస్తుంది. అవసరం లేని టెస్టులు రాస్తున్నారేమో అని కొందరికి, డాక్టర్ ఏదో దాచి ఊపిరితిత్తులు చూడమన్నారేమో అని ఇంకొందరికి. నేను స్కాన్లు చదివి రిపోర్ట్ రాసే డాక్టర్ని. నోరు, నాలుక, బుగ్గ, టాన్సిల్, గొంతు, స్వరపేటిక క్యాన్సర్లు వచ్చినవాళ్ల ఛాతీ బొమ్మలు ఏళ్ల తరబడి చూస్తున్నాను. ఈ భాగాల లోపలి పొరలో పుట్టే స్క్వామస్ రకం క్యాన్సర్ గురించే ప్రధానంగా రాస్తున్నాను. థైరాయిడ్ క్యాన్సర్ లెక్క వేరు, దాన్ని ఇందులో కలపను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెడలో బిళ్ళ కట్టినా, గడ్డ పెద్దదైనా, ఎక్కువ మందికి సరిపోయే స్కాన్ ఛాతీ సీటీ. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకలేదని ఎక్స్‌రే చూసి ధీమాగా ఉండకూడదు. పెట్ సీటీ కొందరికి చికిత్స దారినే మారుస్తుంది, మిగతావాళ్లకు అది లేకపోయినా లోటేమీ లేదు. ఎవరు ఏ కోవలోకి వస్తారన్నదే తేల్చుకోవాలి.

ఊపిరితిత్తులే ఎందుకు?

మొదటి కారణం పాకడం. ఈ క్యాన్సర్లు సాధారణంగా ముందు మెడలోని లింఫ్ గ్రంథులకు, అంటే మనం బిళ్ళలు అనేవాటికి, పాకుతాయి. అక్కడి నుంచి రక్తంలో కలిసి దూరం వెళ్తే ఎక్కువసార్లు చేరేది ఊపిరితిత్తులకే. దూరంగా పాకిన కేసులు మూడు తీసుకుంటే దాదాపు రెండింట్లో మచ్చలు అక్కడే ఉంటాయి. ఎముకలు, కాలేయం ఆ తర్వాతే.

రెండో కారణం చాలామందికి తెలియదు. పొగ తాగే మనిషి నోటి నుంచి స్వరపేటిక మీదుగా ఊపిరితిత్తుల అడుగు దాకా ఆ పొగ వెళ్తుంది. దారి పొడవునా లోపలి పొర దెబ్బతింటుంది. నోటి క్యాన్సర్ చుట్టూ పైకి బాగానే కనిపించే పొరలో కూడా మార్పులు ఉన్నాయని 1953లో స్లాటర్ అనే సర్జన్, ఆయన సహచరులు గమనించి, దానికి ఫీల్డ్ క్యాన్సరైజేషన్ అని పేరు పెట్టారు. పొలం మొత్తానికి చీడ పట్టినప్పుడు ఒక మొక్క ముందు వాడిపోయినట్టు అనుకోండి. అందుకే స్వరపేటిక క్యాన్సర్ వచ్చిన మనిషికి ఊపిరితిత్తిలోనో, అన్నవాహికలోనో ఇంకో క్యాన్సర్ విడిగా ఉండొచ్చు, లేదా కొన్నేళ్ల తర్వాత రావచ్చు.

ఈ రెండు కారణాలనూ కలిపేయకండి. ఊపిరితిత్తిలో ఉన్నది పాకిన మచ్చ అయితే జబ్బు దశ మారిపోతుంది, చికిత్స ఉద్దేశమే మారొచ్చు. అదే కొత్తగా పుట్టిన చిన్న ఊపిరితిత్తి క్యాన్సర్ అయితే గొంతుదీ, ఊపిరితిత్తిదీ రెండూ విడివిడిగా నయం చేసే అవకాశం ఉంటుంది. బొమ్మలో రెండూ ఒకేలా కనిపించొచ్చు. అయినా ఆ మనిషి రాబోయే ఏళ్లు ఎలా గడుస్తాయన్నది ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

ఎక్స్‌రే ఎంతవరకు?

ఎక్స్‌రే చవక, నిమిషంలో అయిపోతుంది, రేడియేషన్ చాలా తక్కువ. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ అడిగేది, తర్వాత జ్వరం, దగ్గు వస్తే నిమోనియా ఉందేమో చూసేది, ముక్కులోంచి వేసిన ఫీడింగ్ ట్యూబ్ కడుపులోకే వెళ్లిందా అని సరిచూసేది దీనితోనే. ఆ పనులకు ఇది చాలు.

పాకిన మచ్చలను వెతకడానికి మాత్రం ఇది బలహీనమైన సాధనం. పక్కటెముకలు, గుండె, రక్తనాళాలు అన్నీ ఒకే బొమ్మలో ఒకదాని మీద ఒకటి పడతాయి. సెంటీమీటర్ లోపు మచ్చలు సులువుగా తప్పిపోతాయి. గుండె వెనక, కాలర్ ఎముక వెనక, డయాఫ్రం (ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరం) వంపు చాటున ఉన్నవి ఇంకా పెద్దవైనా దొరక్కపోవచ్చు. కాబట్టి "ఛాతీ ఎక్స్‌రే నార్మల్" అని రిపోర్ట్ వస్తే, పెద్ద సమస్య ఏదీ కనిపించలేదని మాత్రమే అర్థం చేసుకోండి.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. అమెరికాలో పీఎల్‌సీవో అనే పెద్ద పరిశోధనలో సుమారు 1,55,000 మందిని తీసుకుని, ఒక వర్గానికి ఏటా ఛాతీ ఎక్స్‌రే తీశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. ఎక్స్‌రే తీసిన వర్గంలో ఊపిరితిత్తి క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. అదే ఏడాది ఎన్‌ఎల్‌ఎస్‌టీ అనే మరో పరిశోధన ఫలితాలు వచ్చాయి. అందులో 53,454 మంది, అందరూ ఎక్కువగా పొగ తాగినవాళ్లు లేదా అలా తాగి మానేసినవాళ్లు. ఎక్స్‌రే తీసినవాళ్ల కన్నా తక్కువ డోసు సీటీ తీసినవాళ్లలో ఊపిరితిత్తి క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. ఆ పరిశోధనలు తల, మెడ క్యాన్సర్ రోగుల మీద చేసినవి కావు. అయినా పొగ తాగి గొంతు క్యాన్సర్ తెచ్చుకున్న మనిషి ఊపిరితిత్తులకు ఉన్న ముప్పు వాళ్ల ముప్పు కన్నా తక్కువ ఉండదు కదా.

సీటీలో ఏం కనిపిస్తుంది?

ఛాతీ సీటీ అంటే ఊపిరితిత్తులను మిల్లీమీటర్, మిల్లీమీటరున్నర మందంలో వందల పలుచటి పొరలుగా చూడడం. ఆ బొమ్మలను నేను మౌస్ చక్రంతో పై నుంచి కిందికి, కింద నుంచి పైకి నడిపిస్తాను. తెల్లటి చుక్కలు చాలానే వస్తాయి. వాటిలో అత్యధికం రక్తనాళాలే. రక్తనాళమైతే తర్వాతి పొరలోకి జరుగుతుంది, కొమ్మలు వేస్తుంది, ఎక్కడో గుండె వైపు వెళ్లి కలుస్తుంది. నాడ్యూల్, అంటే చిన్న గుండ్రటి మచ్చ, అయితే అలా సాగదు. మూడు, నాలుగు పొరల్లో ఉబ్బినట్టు కనిపించి మాయమైపోతుంది. కళ్లు దాని కోసమే వెతుకుతుంటాయి. 2, 3 మిల్లీమీటర్ల చుక్కలు కూడా ఇలా దొరుకుతాయి. పాకిన మచ్చలు తరచుగా ఊపిరితిత్తి అంచుల దగ్గర, కింది భాగాల్లో, గుండ్రంగా, ఒకటికి మించి ఉంటాయి. కొత్త ఊపిరితిత్తి క్యాన్సర్ ఎక్కువగా పై భాగంలో, ఒంటరిగా, అంచులు ముళ్లు ముళ్లుగా ఉంటుంది. ఇవన్నీ సూచనలే, తీర్పులు కావు. స్క్వామస్ క్యాన్సర్ మచ్చలు కొన్నిసార్లు మధ్యలో గుల్లబడతాయి కూడా. టీబీ గాయం కూడా అలాగే గుల్లబడుతుంది, అక్కడే చిక్కు వస్తుంది.

కాంట్రాస్ట్ మందు అవసరమా అని చాలామంది అడుగుతారు. ఊపిరితిత్తిలోని నాడ్యూల్ చూడడానికి మందు అక్కర్లేదు, మామూలు సీటీ చాలు. రెండు ఊపిరితిత్తుల మధ్య, గుండె పక్కన ఉండే బిళ్ళలను రక్తనాళాల నుంచి విడదీసి చూడాలంటే మందు సాయపడుతుంది. ఇక్కడ ఒక ఉపయోగపడే విషయం ఉంది. గడ్డ కోసం మెడకు ఎలాగూ కాంట్రాస్ట్ సీటీ తీస్తుంటే, అదే ఇంజెక్షన్‌తో ఛాతీ కూడా తీసేయొచ్చు. రెండుసార్లు రావడం, రెండుసార్లు సూది తప్పుతాయి. మెడకు ఎమ్మారై తీయించుకున్నవాళ్లు ఛాతీకి విడిగా మందు లేని సీటీ తీయించుకున్నా ఎక్కువసార్లు సరిపోతుంది. కాంట్రాస్ట్ ఇచ్చేముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూస్తారు. తర్వాత సిస్‌ప్లాటిన్ కీమో పడేవాళ్లకు కిడ్నీలు కాపాడుకోవడం మరీ ముఖ్యం కాబట్టి ఆ రిపోర్ట్ దగ్గరుంచుకోండి.

సీటీకి ఉన్న లోపం దాని శక్తిలోంచే వస్తుంది. అంత చిన్నవి కనిపెడుతుంది కాబట్టి, ఏ హానీ లేని చుక్కలను కూడా బయటికి లాగుతుంది. దాని గురించి కింద విడిగా రాస్తాను, ఎందుకంటే నేను చూసే కన్నీళ్లలో సగం ఆ చుక్కల వల్లే.

పెట్ సీటీ: బలం, బలహీనత

పెట్ సీటీలో ఎఫ్‌డీజీ అనే చక్కెర లాంటి పదార్థానికి ఫ్లోరిన్-18 తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. దాని రేడియో శక్తి ప్రతి 110 నిమిషాలకు సగం తగ్గిపోతుంది. చక్కెరను ఎక్కువగా లాగే కణాలు బొమ్మలో వెలుగుతాయి. తల నుంచి తొడల దాకా ఒకే సారి చూడొచ్చు. ఊపిరితిత్తులతో పాటు ఎముకలు, కాలేయం, మెడలో తెలియని బిళ్ళలు అన్నీ వస్తాయి. మెడలో బిళ్ళ బయటపడి, అసలు క్యాన్సర్ ఎక్కడ పుట్టిందో దొరకనప్పుడు దీనికి సాటి లేదు. అయితే బయాప్సీలు చేయకముందే తీయాలి. బయాప్సీ చేసిన చోట వాపు వల్ల కూడా వెలుగు వస్తుంది, తర్వాత ఏది ఏదో తేలదు.

పెట్ అంటే అన్నింటికన్నా గొప్పదన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఊపిరితిత్తుల చిన్న మచ్చల విషయంలో ఆ నమ్మకం తప్పు. సుమారు 8 మిల్లీమీటర్ల కన్నా చిన్న నాడ్యూల్ వెలగలేదంటే అది మంచిదని చెప్పలేం. పెట్ తీసేటప్పుడు కొన్ని నిమిషాల పాటు ఊపిరి మామూలుగా ఆడుతూనే ఉంటుంది. డయాఫ్రం పైకీ కిందికీ కదులుతుంటే ఊపిరితిత్తి అడుగున ఉన్న చిన్న మచ్చ వెలుగు చుట్టూ పరుచుకుని పలచబడిపోతుంది. పైగా పెట్‌తో పాటు తీసే సీటీ చాలా చోట్ల తక్కువ డోసుతో, ఊపిరి బిగబట్టించకుండా తీస్తారు. అందుకే పెట్ సీటీ రాయించుకున్నవాళ్లు ఒక మాట అడగండి: "ఇందులో ఊపిరి బిగబట్టి తీసే ఛాతీ సీటీ కూడా ఉంటుందా?" ఉంటే రెండు స్కాన్ల లాభం ఒకేసారి దక్కుతుంది. లేకపోతే పెట్ తీసినా ఛాతీ సీటీ లోటు మిగిలే ఉంటుంది.

ఇంకో వైపు చూస్తే, వెలిగిందల్లా క్యాన్సర్ కాదు. టీబీ, సార్కాయిడోసిస్ (ఇన్‌ఫెక్షన్ కాని ఒక వాపు జబ్బు), నిమోనియా, ఏ ఇన్‌ఫెక్షన్ అయినా చక్కెరను లాగుతుంది. రెండు ఊపిరితిత్తుల మొదళ్ల దగ్గర బిళ్ళలు అటూ ఇటూ సమానంగా వెలిగితే నేను ముందు ఇలాంటి జబ్బులనే అనుమానిస్తాను. తేల్చాలంటే శ్వాసనాళంలోకి అల్ట్రాసౌండ్ ఉన్న గొట్టం పంపి ఆ బిళ్ళ నుంచి సూదితో ముక్క తీస్తారు. అది తేలకుండా "ఛాతీకి పాకింది" అని రాసేయడం అన్యాయం. పెట్ రిపోర్ట్‌లో ఒక్క వాక్యంతో నయమయ్యే మనిషిని నయం కాని వరుసలో నిలబెట్టేసిన సందర్భాలు నేను చూశాను.

లాలాజల గ్రంథుల్లో వచ్చే అడినాయిడ్ సిస్టిక్ రకం క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఇంకో సూచన. అది ఊపిరితిత్తులకు పాకడం మామూలే, కానీ చాలా నెమ్మదిగా పెరుగుతుంది, పెట్‌లో అంతగా వెలగదు. వాళ్లకు ఛాతీ సీటీయే నమ్మకమైనది.

ఎవరికి ఏది?

నోట్లో చిన్న పుండు, 2 సెంటీమీటర్ల లోపు, మెడలో బిళ్ళలు లేవు, అంటే రిపోర్ట్ భాషలో టీ1 ఎన్0 (టీ అంటే గడ్డ స్థాయి, ఎన్ అంటే మెడ బిళ్ళల స్థాయి). ఊపిరితిత్తులకు పాకి ఉండే అవకాశం చాలా తక్కువ. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2016 మార్గదర్శకాలు టీ1 ఎన్0, టీ2 ఎన్0 వాళ్లకు శరీరమంతా వెతికే పరీక్షలు అక్కర్లేదన్నాయి. మత్తు కోసం తీసే ఎక్స్‌రే చాలు. ఒక్క మినహాయింపు నేను పాటిస్తాను: మనిషి ఏళ్ల తరబడి గట్టిగా సిగరెట్లు కాల్చి ఉంటే, పుండు చిన్నదైనా ఒక్కసారి తక్కువ డోసు ఛాతీ సీటీ తీయించమంటాను. అది పాకిందేమో అని తీసేది కాదు, పైన చెప్పిన రెండో కారణం కోసం. పొగాకు నమలడమే తప్ప కాల్చనివాళ్లకు ఊపిరితిత్తిలో కొత్త క్యాన్సర్ ముప్పు అంతగా ఉండదు, వాళ్లకు ఈ మినహాయింపు అవసరం లేదు.

గడ్డ పెద్దదైతే, లోతుకు వెళ్తే, మెడలో బిళ్ళలు ఉంటే ఛాతీ సీటీ తప్పకుండా తీయాలి. బిళ్ళలు ఎక్కువగా ఉండడం, మెడ అడుగున కాలర్ ఎముక దగ్గరికి దిగడం, బిళ్ళ పొర చీల్చుకుని క్యాన్సర్ బయటికి రావడం, గడ్డ హైపోఫ్యారింక్స్‌లో, అంటే స్వరపేటిక వెనక ఆహారం దిగే చోట, ఉండడం, ఒకసారి తగ్గి మళ్లీ రావడం: ఇవి ఎన్ని కలిస్తే ఊపిరితిత్తుల మీద అంత అనుమానం పెంచుకోవాలి. అలాంటివాళ్లకు పెట్ సీటీ కూడా ఆలోచించదగ్గదే. నైస్ మార్గదర్శకాలు ఎన్3 స్థాయి బిళ్ళలు ఉన్నవాళ్లకు, హైపోఫ్యారింక్స్‌లో కానీ ముక్కు వెనక నాసోఫ్యారింక్స్‌లో కానీ టీ4 గడ్డ ఉన్నవాళ్లకు పెట్ సీటీ ఇవ్వమన్నాయి. ఎందుకంటే అంత పెద్ద ఆపరేషన్‌కో, ఏడు వారాల కీమో రేడియేషన్‌కో మనిషిని సిద్ధం చేసే ముందు ఇంకెక్కడా లేదని తెలుసుకోవడం న్యాయం.

స్టేజ్ నంబర్ చూసి మాత్రం మోసపోవద్దు. హెచ్‌పీవీ వైరస్ వల్ల టాన్సిల్‌లోనో, నాలుక మొదట్లోనో వచ్చే క్యాన్సర్‌కు 2017 నుంచి స్టేజింగ్ పద్ధతి వేరు. మెడలో ఒక వైపు నాలుగు బిళ్ళలు ఉన్నా కాగితం మీద స్టేజ్ 1 అని రావచ్చు. ఆ జబ్బు చికిత్సకు బాగా లొంగుతుంది కాబట్టి ఆ నంబర్ ఇచ్చారు. ఛాతీ చూడక్కర్లేదని దాని అర్థం కాదు. బిళ్ళలు ఉన్నాయంటే ఛాతీ సీటీ ఉండాల్సిందే. పైగా ఈ రకంలో దూరంగా పాకడం కొన్నేళ్ల తర్వాత కూడా బయటపడుతుంది.

ఎటూ తేల్చుకోలేకపోతే మీ డాక్టర్‌ని ఇలా అడగండి: "స్కాన్‌లో మచ్చ కనిపిస్తే మీరు చేసే చికిత్స మారుతుందా?" మారుతుందంటే ఆ స్కాన్ తీయించండి, వాయిదా వేయకండి. మనిషి బాగా నీరసించి, ఎలాగూ నొప్పి తగ్గించే చికిత్స మాత్రమే ఇవ్వాలని అందరూ నిర్ణయించుకున్నాక, ఆయన్ని స్ట్రెచర్ మీద పెట్ గది దాకా తిప్పడం నాకు సమ్మతం కాదు.

రిపోర్ట్‌లో "5 మి.మీ. నాడ్యూల్" అని వస్తే

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. సీటీ తీసిన పెద్దవాళ్లలో చాలామందికి ఎక్కడో ఒక చిన్న చుక్క ఉంటుంది. పాత టీబీ, పాత ఇన్‌ఫెక్షన్ మానిన గుర్తు కావచ్చు. ఊపిరితిత్తి లోపలే ఉండే చిన్న లింఫ్ గ్రంథి కావచ్చు, అది తరచుగా ఊపిరితిత్తి భాగాల మధ్య పొరకు ఆనుకుని త్రికోణంగా ఉంటుంది. నిండా సున్నం పేరుకున్న చుక్క అయితే పాత గాయమే అనుకోవచ్చు. క్యాన్సర్ ఉన్నవాళ్లలో కూడా 4, 5 మిల్లీమీటర్ల ఒంటరి చుక్కల్లో ఎక్కువ భాగం హానిలేనివే.

అయితే ఇంకో వైపు నుంచి కూడా జాగ్రత్త. చిన్న నాడ్యూల్స్‌కు ఏం చేయాలో చెప్పే ఫ్లైష్నర్ సొసైటీ 2017 సూచనలను రిపోర్ట్‌లో ప్రస్తావించడం మామూలు. అందులో 6 మిల్లీమీటర్ల లోపు అయితే చాలామందికి మళ్లీ చూడక్కర్లేదని ఉంటుంది. ఆ సూచనలు క్యాన్సర్ ఉన్నవాళ్లకు వర్తించవని అందులోనే రాసి ఉంది. కాబట్టి తల, మెడ క్యాన్సర్ ఉన్న మనిషికి "6 లోపు, వదిలేయొచ్చు" అన్న లెక్క సరిపోదు. మళ్లీ చూడాలి.

అంత చిన్నదానికి బయాప్సీ కుదరదు. సూది తగలడమే కష్టం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం కూడా ఉంటుంది. అందుకే వేచి చూడమంటారు, మామూలుగా 6 నుంచి 12 వారాలు. వారం, రెండు వారాల్లో మళ్లీ తీస్తే ఏమీ తెలియదు. 6 మిల్లీమీటర్ల గుండ్రటి మచ్చ పరిమాణంలో రెట్టింపైనా, కొలతలో పెరిగేది మిల్లీమీటరున్నరే, అంటే 7.5 దగ్గరికి వస్తుంది. ఇద్దరు డాక్టర్లు ఒకే మచ్చను కొలిస్తే కూడా అంత తేడా రావచ్చు. కొలత నిజంగా మారాలంటే సమయం కావాలి.

ఈలోగా గొంతుకో, నోటికో చేయాల్సిన చికిత్స ఆపొద్దు. తేలని చిన్న చుక్క కోసం ఆపరేషన్‌ని వాయిదా వేస్తే, నిజంగా ఉన్న గడ్డ పెరుగుతుంది. మూల గడ్డకు నయం చేసే ఉద్దేశంతోనే చికిత్స మొదలుపెట్టి, చుక్కను తర్వాతి స్కాన్‌లో చూడడమే చాలా సందర్భాల్లో సరైన పని. మీ టీమ్ అలా చెబితే వాళ్లు నిర్లక్ష్యం చేస్తున్నారని అనుకోకండి.

మచ్చ సెంటీమీటర్ దాటి, అనుమానంగా ఉంటే ముక్క తీయాలి. ఒక్కటే ఉంటే మరీ. హెచ్‌పీవీ క్యాన్సర్ అయితే ఆ ముక్కలో వైరస్ ఉందో లేదో చూసి, పాకిందా కొత్తదా అన్నది తేల్చే అవకాశం ఉంది. నిజంగా పాకినదే అని తేలినా, ఒకటో రెండో మచ్చలే అయితే కొందరికి ఆపరేషన్‌తోనో, గురిపెట్టి ఇచ్చే రేడియేషన్‌తోనో తీసేస్తారు. ఒక్క మచ్చ చూసి మనిషిని వదులుకోకండి.

చికిత్స అయ్యాక

కీమో రేడియేషన్ పూర్తయ్యాక పెట్ సీటీ నిజంగా అక్కరకొచ్చే సమయం వస్తుంది. దాదాపు 12 వారాలు ఆగి తీయాలి. ముందే తీస్తే రేడియేషన్ వాపు కూడా వెలిగి అనవసరంగా టెన్షన్ పెడుతుంది. 2016లో వచ్చిన పెట్ నెక్ పరిశోధనలో 564 మంది ఉన్నారు. అందరికీ మెడ ఆపరేషన్ చేసే పద్ధతినీ, పెట్ చూసి అవసరమైతేనే చేసే పద్ధతినీ పోల్చారు. మొదటి వర్గంలో 221 ఆపరేషన్లు జరిగితే, రెండో వర్గంలో 54 మాత్రమే జరిగాయి. అయినా బతికే అవకాశాల్లో రెండో పద్ధతి తీసిపోలేదు. అది ప్రధానంగా మెడ కోసమే అయినా, అదే స్కాన్‌లో ఛాతీ కూడా వచ్చేస్తుంది.

ఆ తర్వాత ఏ ఇబ్బందీ లేనివాళ్లకు ఏటా పెట్ తీయడం నేను సమర్థించను. ఎక్కువగా పొగ తాగినవాళ్లకు మాత్రం ఏడాదికోసారి తక్కువ డోసు ఛాతీ సీటీ మంచి ఆలోచన. 50 నుంచి 80 ఏళ్ల మధ్య ఉండి, రోజుకు ఒక ప్యాకెట్ చొప్పున 20 ఏళ్లు కాల్చినంత లెక్క ఉన్నవాళ్లకు, ఇంకా కాలుస్తున్నా లేక మానేసి 15 ఏళ్లు దాటకపోయినా, ఊపిరితిత్తి క్యాన్సర్ కోసం ఏటా చూడాలని అమెరికాలో 2021 నుంచి సూచన ఉంది. కొత్త దగ్గు, దగ్గులో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం వస్తే ఏడాది దాకా ఆగకుండా అప్పుడే తీయించాలి.

చికిత్స తర్వాత ఛాతీ బొమ్మ చదవడం కాస్త గమ్మత్తైన పని. మెడ అడుగుకు రేడియేషన్ ఇస్తే ఊపిరితిత్తుల కొనల్లో మచ్చ పడుతుంది. మింగడం దెబ్బతిన్నవాళ్లకు ఆహారం, ఉమ్ము కొంచెం కొంచెం ఊపిరితిత్తుల్లోకి జారి, కింది భాగాల్లో చిన్న చిన్న చుక్కలు గుత్తులుగా వస్తాయి. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందుల వల్ల ఊపిరితిత్తుల్లో వాపు రావచ్చు. ఇవన్నీ పెట్‌లో వెలుగుతాయి, ఇవేవీ క్యాన్సర్ కావు. కాబట్టి స్కాన్ రిక్వెస్ట్ కాగితంలో ఎప్పుడు రేడియేషన్ అయింది, ఏ మందు నడుస్తోంది, తినేటప్పుడు పొలమారుతోందా అన్నవి రాయించండి. ఆ రెండు లైన్లు లేకపోతే నా రిపోర్ట్ గుడ్డిగా వస్తుంది.

రేడియేషన్ భయం, స్కాన్ రోజు సంగతులు

భూమ్మీద ప్రకృతి నుంచే మనకు ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ తగులుతుంది. ఛాతీ ఎక్స్‌రేకి 0.1 లేదా ఇంకా తక్కువ, తక్కువ డోసు సీటీకి 1.5 దగ్గర, మామూలు ఛాతీ సీటీకి 5 నుంచి 7, పెట్ సీటీకి తీసే విధానాన్ని బట్టి 10 నుంచి 25. క్యాన్సర్ దశ తేల్చాల్సిన మనిషికి సీటీ డోసు గురించి దిగులు పడక్కర్లేదు. ఏళ్ల తరబడి పదే పదే తీసేటప్పుడు మాత్రం తక్కువ డోసు అడగడం సబబు.

గొంతులో గడ్డ ఉన్నవాళ్ల కోసం ఒక ముఖ్యమైన మాట. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడకపోతే, గురక లాంటి కూత వస్తుంటే, టేబుల్ ఎక్కక ముందే టెక్నీషియన్‌కి చెప్పండి. ఓర్చుకుందాంలే అనుకోవద్దు, అది ప్రమాదం. మెడలో ట్రెకియాస్టమీ గొట్టం ఉన్నవాళ్లు స్కాన్‌కు ముందే కఫం సక్షన్ చేయించుకుంటే మధ్యలో దగ్గు రాదు, బొమ్మ కదలదు. ఛాతీ సీటీకి ఊపిరి బిగబట్టాల్సింది పది సెకన్ల లోపే. ముందు రోజు ఇంట్లో రెండు మూడుసార్లు అలవాటు చేసుకుంటే చాలు.

పెట్‌కు 4 నుంచి 6 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. ట్యూబ్ ద్వారా ఇచ్చే ఆహారం కూడా తిండి కిందే లెక్క, దాన్నీ ఆపాలి. షుగర్ 200 లోపు ఉండాలి. ఇన్సులిన్ వేళల గురించి ముందే అడిగి తెలుసుకోండి. మందు ఎక్కించాక గంటసేపు మాట్లాడకుండా కూర్చోమంటారు. మాట్లాడితే స్వరపేటిక కండరాలు చక్కెర లాగి వెలుగుతాయి, గడ్డ ఏదో కండరం ఏదో తికమక అవుతుంది. చలి వేస్తే మెడలోని ఒక రకం కొవ్వు వెలుగుతుంది, అది కాలర్ ఎముక దగ్గర బిళ్ళలా భ్రమ పుట్టిస్తుంది. దుప్పటి తీసుకెళ్లండి.

వీటన్నిటికన్నా ముందు, ఇంట్లో ఉన్న పాత ఛాతీ బొమ్మలు వెతకండి. ఫిల్మ్ అయినా, సీడీ అయినా, ఎప్పుడో దగ్గుకు తీసిందైనా సరే. ఒకసారి స్వరపేటిక క్యాన్సర్ ఉన్న ఒక పెద్దాయన సీటీలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో 7 మిల్లీమీటర్ల మచ్చ కనిపించింది. అనుమానంగానే ఉంది. ఫోన్ చేసి పాత స్కాన్లు ఏమైనా ఉన్నాయా అని అడిగితే లేవన్నారు. మర్నాడు ఆయన కూతురు బీరువా అడుగున దొరికిందని నాలుగేళ్ల నాటి సీడీ ఒకటి పట్టుకొచ్చింది. దాని కవరు అట్టకు అంటుకుపోయి ఉంది. కంప్యూటర్‌లో పెట్టి రెండు స్కాన్లను పక్కపక్కన నడిపించాం. అదే చోట, అదే రక్తనాళం పక్కన, అదే 7 మిల్లీమీటర్లు. ఆమె తెర వైపు చూసి, "అంటే ఇది అప్పటి నుంచీ ఉందా డాక్టర్ గారూ?" అని రెండుసార్లు అడిగింది. ఉందమ్మా, కదల్లేదు అని చెప్పాను. రిపోర్ట్ మార్చి రాశాను. ఆ వారంలోనే ఆయన్ని రేడియేషన్ మాస్క్ కొలతలకు పిలిచారు.